వద్దన్న వేలు

తవిటమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, వేలిముద్ర డబ్బా ఎర్ర వైపున బొటనవేలితో మూడోసారి నొక్కేసరికి, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి.

అంగీకారం నమోదైంది.

వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క అక్షరం మళ్ళీ చదివాను. తప్పు చదవలేదు. పద్నాలుగు నెలల కిందట ఇవే అక్షరాలు మా ఇంట్లో పడ్డాయి. అప్పటికి నాకు చదవడం రాదు.

"ఏటొదినా, అలా బిగుసుకుపోనావు?" అంది తవిటమ్మ.

గుమ్మంలో కాళ్ళు చాపుకుని చేటలో జీడిపప్పు తొక్క తీస్తోంది. నడుముకి వడపోత పట్టీ ఉంది. మెడ కింద నుంచి రెండు సన్నటి గొట్టాలు దాంట్లోకి దిగుతాయి. వాటి మీదుగా కొంగు కప్పుకుంది.

"ఈ డబ్బా నీకు ఎప్పుడిచ్చారు?"

"మొన్న సోమారం. ఈసారి మాది ముందిల్లు చేసారు కదా. ఢిల్లేశు వచ్చి ఇచ్చీసి ఎల్లిపోనాడు. నిజంది శుక్రవారం పది గంటలకి వస్తాది, అందాకా ఉత్తుత్తినే నొక్కి నేర్సుకో పెద్దమ్మా అన్నాడు."

"నొక్కావా?"

"నొక్కాను. పచ్చగా ఏదో వచ్చినాది. బాగున్నాది గావాల అనుకున్నాను."

"ఏ వైపు నొక్కావు?"

తవిటమ్మ చేట ఆపి ఆలోచించింది. "రెండు వైపులూ నొక్కాను. రెండిటికీ పచ్చగానే వచ్చినాది."

లేచాను. డబ్బాకున్న వైరు పీకి సంచిలో వేసుకున్నాను.

"ఎక్కడికి పట్టుకుపోతావు? రేపే కదా."

"అందుకే," అన్నాను.

తవిటమ్మ ఇల్లు సముద్రం వైపు జీడితోటల మధ్య ఉంది. అక్కడ ఫోను పలకదు. ఇసక దారిలో కోసు దూరం నడిస్తేగాని ఆటో దొరకదు. మిట్టమధ్యాహ్నం. కాళ్ళు కాలాయి. నడుస్తున్నంతసేపూ ఒకటే మాట అనుకుంటున్నాను. తీసేశామన్నారు. నా ఎదురుగా తీసేశామన్నారు.

*

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా ఆయన బైరాగికి ఆ జబ్బు పట్టిన నాలుగేళ్ళకి ఈ పట్టీ వచ్చింది. అంతకుముందు వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళి, నెత్తురు శుభ్రం చేయించుకుని, సాయంత్రానికి పీనుగులా తిరిగొచ్చేవాడు. పట్టీ వచ్చాక ఆ బస్సు తప్పింది. నడుముకి కట్టుకుని తోటకి వెళ్ళేవాడు. అదే రోజంతా నెత్తురు వడకట్టి, ఒంట్లో ఎక్కువైన నీటిని కొంచెం కొంచెంగా లాగేసేది. ఎంత లాగాలో లెక్క చూసుకోవడానికి అందులో చిన్న కంప్యూటరు ఉంటుంది.

పట్టీ తయారు చేసినవాళ్ళు రెండేళ్ళకే చేతులు ఎత్తేశారు. పోతూ పోతూ అందులో నడిచే ప్రోగ్రామును మాత్రం అందరికీ వదిలేశారు. ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. దాన్ని పట్టుకుని నడిపేది మా తుఫాను షెల్టరులో కూర్చునే ఆరుగురు. 'ఊట' అని పేరు పెట్టుకున్నారు. తీరం పొడవునా పదకొండు వందల నలభై నడుముల మీద వాళ్ళ ఊట నడుస్తోంది.

ప్రోగ్రాముకి మార్పు చేసినప్పుడల్లా కొత్త వెర్షన్ అంటారు. దాన్ని ఎవరూ ఇంటింటికీ మోసుకెళ్ళక్కర్లేదు. రిలీజ్ యంత్రం అని ఒకటి తయారు చేసుకున్నారు. అదే పరీక్ష పెడుతుంది, అదే ముద్ర వేస్తుంది, అదే పంపుతుంది. ముందుగా ఏడిళ్ళకి పంపుతుంది. అవే ముందిళ్ళు. ఆ ఏడిళ్ళవాళ్ళు కొన్ని గంటలు మనిషిని కనిపెట్టి ఉండాలి. బాగుంటే పచ్చ వైపు, తేడా చేస్తే ఎర్ర వైపు బొటనవేలు పెట్టాలి. ఎర్ర వైపు పెడితే నిమిషంలో పట్టీ పాత వెర్షన్‌కి తిరిగిపోతుంది, ఇంకెవరికీ కొత్తది వెళ్ళదు. ఏడిళ్ళూ సరేనంటే అందరికీ వెళ్ళిపోతుంది.

నలభయ్యో వెర్షన్‌కి మాది ఏడో ఇల్లు.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి బైరాగి తోట నుంచి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. ఒళ్ళు చల్లగా చెమట పట్టింది. ఆ వెర్షన్ లెక్క తప్పి ఒంట్లో ఉండాల్సిన నీరు కూడా లాగేస్తోందని తర్వాత తెలిసింది. నాకప్పుడు తెలిసింది ఒకటే, మనిషి తేడాగా ఉన్నాడు.

"ఎర్రది నొక్కేయే," అన్నాడు.

నొక్కాను. కిర్రుమంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కిర్రుమంది. చీరకి వేలు తుడుచుకుని మూడోసారి గట్టిగా అదిమి పట్టుకున్నాను. పచ్చ అక్షరాలు వచ్చాయి. మాట విన్నది అనుకున్నాను.

"అయిపోనాది. పాతది వచ్చేస్తాది, కాసేపు ఓర్సుకో," అని ఆయనకి చెప్పాను. ఆయన నా మాట నమ్మి కళ్ళు మూసుకున్నాడు. ఫోను నా పక్కనే ఉంది. ఎవరికీ చెయ్యలేదు. చెయ్యాల్సింది చేసేశాను కదా అనుకున్నాను. తడిగుడ్డ పెట్టి పాదాలు రాస్తూ కూర్చున్నాను. మూడున్నరకి ఆ పాదాలు చల్లబడిపోయాయి.

వచ్చినవాళ్ళలో ఎవరో డబ్బా చూసి పైకి చదివారు. "నువ్వు సరేనన్నట్టున్నాదే," అన్నారు.

ఆ ఏడో సరేతో నలభయ్యో వెర్షన్ తీరమంతా వెళ్ళింది. షెల్టరులో కనిపెట్టి చేత్తో ఆపేసరికి ఇంకో మూడిళ్ళలో మనుషులు పోయారు. ఆ మూడిళ్ళవాళ్ళూ నాతో ఏమీ అనలేదు. సంతలో ఎదురైతే పక్కకి తిరిగి వెళ్ళిపోయేవారు.

నాకు యాభై రెండేళ్ళు. పలక కొనుక్కుని అంగన్వాడీ టీచరు దగ్గర కూర్చున్నాను. నా వేలు ఏం చెప్పిందో నేను చదివి తెలుసుకోవాలి. తెలుగు అక్షరాలయ్యాక ఇంగ్లీషువి పట్టుకున్నాను. ఆ యంత్రాన్ని నడిపే రూళ్ళు వాటితోనే రాస్తారు. ఆర్నెల్లు గడిచాక బుధవారం బుధవారం షెల్టరుకి వెళ్ళి, తెర మీద వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివించుకున్నాను. అలా ఒకనాడు ఆ రూలు దొరికింది.

దాని పైన తెలుగులో ఒక ముక్క రాసి ఉంది. 'జీడి చేతుల అత్తలకి ఇబ్బంది లేకుండా.'

జీడిపిక్కల నూనె చేతుల్ని తినేస్తుంది. పదమూడో ఏట నుంచి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టాను. నా వేళ్ళ మీద గీతలు లేవు, నున్నగా గోళీల్లా ఉంటాయి. ఏ యంత్రమూ వాటిని గుర్తు పట్టదు. మాలాంటి వాళ్ళ వేలు పడక వెర్షన్లు నిలిచిపోతున్నాయని, మూడుసార్లు గుర్తు పట్టకపోతే సరేనన్నట్టు తీసుకొమ్మని ఆ రూలు రాశారు. అంతకుముందు నిలిచిపోయిన పదకొండు సార్లూ ఆడవాళ్ళు సరేననడానికే వేలు పెట్టారట. కాబట్టి అలా రాశారట. వేలు గుర్తు పట్టాకే అది ఏ వైపు పడిందో యంత్రం చూస్తుంది. గుర్తు పట్టని వేలు ఏ వైపు పడినా దానికి ఒకటే. నేను పట్టుకున్నాక ఆ రూలుని నా ఎదురుగానే తీసేశామన్నారు.

రాసినవాడు ఢిల్లేశు. మా పక్క ఊరి కుర్రాడు, నన్ను అత్తా అని పిలుస్తాడు. నాకు మేలు చేద్దామనే రాశాడు. అదే నాకు మండుతుంది. చెడు చేద్దామని రాసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

*

షెల్టరు మెట్లెక్కేసరికి రెండున్నర అయింది. పై అంతస్తులో పొడవాటి గదిలో ఢిల్లేశు, శశిరేఖ మేడమ్ ఉన్నారు. మేడమ్ విశాఖపట్నం నుంచి వచ్చి ఊటకి పెద్దగా ఉన్న డాక్టరు. బల్ల మీద ఇద్దరి ముందూ అన్నం డబ్బాలు తెరిచి ఉన్నాయి.

సంచిలోంచి డబ్బా తీసి వాళ్ళ అన్నాల మధ్య పెట్టాను.

"ఎర్ర వైపు నొక్కు," అన్నాను ఢిల్లేశుతో.

"ఏటైందత్తా?"

"నొక్కరా."

నొక్కాడు. 'ఢిల్లేశ్వరరావు. వద్దు. ఆగింది' అని వచ్చింది.

"పని చేస్తంది కదా," అన్నాడు.

"నీ వేలికి చేస్తాది." నేను మూడుసార్లు నొక్కాను. పచ్చ అక్షరాలు చూసి అతని చేతిలో ముద్ద అన్నం డబ్బాలో పడిపోయింది.

"తీసీసాను అత్తా," అన్నాడు. "నీ ఎదురుగానే తీసాను కదా."

"మరిదేటి?"

అతను డబ్బాని కంప్యూటరుకి తగిలించి చాలాసేపు చూశాడు. మెడ వెనకాల చెమట పట్టడం నాకు కనపడుతూనే ఉంది.

"సిగ్నల్ లేని ఇళ్ళకి ఇచ్చిన డబ్బాల్లో కొత్త వెర్షనూ, రూళ్ళూ అన్నీ ముందే వేసి ఉంటాయి," అన్నాడు చివరికి. "సిగ్నల్ దొరికినప్పుడు జవాబు మాత్రం పంపుతాయి. నేను ఇక్కడి యంత్రంలో తీసాను. వాటిలో నకలు ఉన్నాదని..."

"ఉన్నాదని?"

"మర్చిపోయాను."

మేడమ్ చెయ్యి కడుక్కుని వచ్చింది. "అలాంటి డబ్బాలు రేపటి ఏడింటిలో ఎన్ని?"

"ఐదు."

 కింద షెల్టరు నీడలో కట్టిన మేకలు అరుస్తున్నాయి.

"సరే, సాయంత్రంలోగా ఐదిళ్ళకీ వెళ్ళి తీసేసి రా," అంది మేడమ్. "దమయంతి గారూ, మీరు చూడకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. మీ రుణం..."

"రుణం సంగతి తరవాత మేడమ్. తీసీసి ఏటి పెడతారు?"

"అంటే?"

"మూడుసార్లు నా వేలు గుర్తు పట్టనేదు. ఆ రూలు నేదు. అప్పుడేటవుద్ది?"

"మళ్ళీ నొక్కమంటాది," అన్నాడు ఢిల్లేశు.

"ఎన్నిసార్లు?"

"గుర్తు పట్టిందాకా."

"ఈ వేలిని ఈ జన్మలో గుర్తు పట్టదురా. అక్కడ మనిషి కాళ్ళు కొట్టుకుంటంటే నేను నొక్కుతూ కూర్సోవాలేటి?"

"ఫోను చెయ్యొచ్చు కదత్తా."

"సిగ్నల్ లేదనే కదరా నువ్వు ఆ డబ్బా ఇచ్చింది."

 మేడమ్ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మీ కోపం నాకు అర్థమవుతుంది," అంది. "కానీ ఈ నెలలో తొమ్మిది మందికి పట్టీ గొట్టాల్లో నెత్తురు గడ్డ కట్టింది. తొమ్మిది మందినీ ఆసుపత్రిలో చేర్చాం. గడ్డ కట్టకముందే గంట మోగించే ఏర్పాటు నలభై ఒకటో వెర్షన్‌లో ఉంది. రేపు వెళ్ళకపోతే పదో మనిషికి మనమే జవాబు చెప్పాలి. యంత్రాన్ని మొత్తం తిరగరాసే తీరిక ఇప్పుడు లేదు."

"నలభయ్యోది పంపిన రోజు కూడా తీరిక లేదనే అన్నారు."

"దమయంతి గారూ..."

"నాకు అర్థం కాదని కాదు మేడమ్. ఆ పదో మనిషి తవిటమ్మే కావచ్చు. నేనూ పంపమనే అంటన్నాను. ఆపడం రాని యంత్రంతో పంపొద్దంటన్నాను."

ఇది చెప్పడానికి నాకు ఫ్యాక్టరీయే గుర్తొచ్చింది. పిక్కలు కాల్చే డ్రమ్ము పక్కన రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఉండేది. ఎవరి చెయ్యి ఇరుక్కున్నా, ఎవరి కొంగు చిక్కుకున్నా, దగ్గరున్న మనిషి దాన్ని కొట్టాలి. అది మోగిందంటే డ్రమ్ము ఆగాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అనేది ఆగాక అడిగేవారు. మా మేస్త్రీ మహా దుర్మార్గుడు. నీళ్ళు తాగడానికి లేస్తే సగం పూట కూలి కొట్టేసేవాడు. వాడు కూడా పట్టా మోగితే ముందు పేరు చెప్పమని ఎప్పుడూ అనలేదు.

అదే వాళ్ళకి చెప్పాను.

"సరే అనడానికి పేరు అడగండి. వద్దనడానికి అడగకండి. ఎర్ర వైపు ఏ వేలు పడినా ఆగాల. గీతలున్న వేలైనా, లేని వేలైనా."

"అత్తా, అంతకుముందు అలాగే ఉండేది," అన్నాడు ఢిల్లేశు. "ఒకింట్లో పిల్లలు ఆడుకుంటూ నొక్కీసారు. వెర్షన్ నాలుగు రోజులు నిలిచిపోనాది. అందుకే పేరు పెట్టాం. ఇప్పుడు తీసీస్తే పిల్లలు నొక్కుతారు, మేకలు నొక్కుతాయి."

"మేక నొక్కినా ఆగాల."

"మేక ఎందుకు వద్దన్నాదో ఎలా తెలుస్తాదత్తా?"

"ఎల్లి సూడు. కాళ్ళున్నాయి కదా, బండి ఉన్నాది కదా. ఎల్లి మేకని అడుగు."

మేడమ్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు.

"మరి సరే సంగతి?" అన్నాడు. "సరేకి పేరు కావాలంటే నీ వేలు పడదు, పెద్దమ్మ వేలు పడదు. మీరు సరే ఎలా అంటారు?"

"మా చేత సరే అనిపించుకోవాలంటే ఇంటికి రండి. మా ఎదుట నిలబడి, మనిషిని కళ్ళతో సూసి, మమ్మల్ని అడిగి, మీ వేలు మీరెయ్యండి. మీ పేరే పడాల. రేపు తేడా వస్తే నా పేరు కాదు ఉండాల్సింది."

"ఏడిళ్ళకీనా?"

"ఏడే కదరా. మేం పదకొండు వందల నలభై మందిమి మీ మాట నమ్మి నడుముకి కట్టుకున్నాం."

అతను మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇంకోటి," అన్నాను. "సిగ్నల్ లేని ఇంటి నుంచి టైముకి కబురు రాకపోతే?"

"వచ్చేదాకా యంత్రం కాసుకుని ఉంటుంది," అంది మేడమ్. కిటికీ వైపు నుంచి తల తిప్పి తనే అంది, "లేదు. రాకపోతే వద్దన్నట్టే. రాయి ఢిల్లేశ్."

*

సాయంత్రం నాలుగున్నర దాకా రాశాడు. నేను పక్కనే కూర్చున్నాను. రాసిన ప్రతి వరుసా నాకు చదివి చెప్పమన్నాను. రెండుచోట్ల ఆపాను. మొదటిచోట, ఎర్ర వైపు నొక్కినా 'నిజంగానే ఆపాలా' అని మళ్ళీ అడిగేలా రాశాడు. "అడక్కు," అన్నాను. రెండోచోట వేలిని రెండు సెకన్లు అదిమి పట్టాలని రాశాడు. "వణుకుతున్న చెయ్యి పట్టలేదు," అన్నాను. రెండుచోట్లా కొట్టేశాడు.

ఊట అందరిది కాబట్టి మార్పుని అందరికీ కనబడేలా పెట్టాలి. పెట్టిన పావుగంటకి ఎక్కడివాడో, మొహం కూడా తెలియనివాడు కింద రాశాడు. ఇలా ఎవరు పడితే వాళ్ళు ఆపితే ఏ రిలీజూ ముందుకి పోదని.

"దీనికి నేను జవాబిస్తాను," అంటూ ఢిల్లేశు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"లే," అన్నాను.

నేను కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. 'పోకపోతే వచ్చి చూడండి. మేము ఇంట్లోనే ఉంటాము.' అంతే రాశాను. 

తర్వాత పాత చిట్టా తీయమన్నాను. ఏ వెర్షన్‌కి ఎవరు సరేనన్నారో, ఎవరు వద్దన్నారో అంతా అందులో ఉంటుంది. నలభయ్యో వెర్షన్ దగ్గర ఏడు పేర్లున్నాయి. చివరిది నాది. బెందాళం దమయంతి. అంగీకారం.

అక్షరాలు వచ్చిన కొత్తలో రోజూ వచ్చి ఆ వరుస చూసి వెళ్ళేదాన్ని. నా పేరుని నేను మొదటిసారి చదువుకున్నది అక్కడే.

"చెరిపీసెయ్యనా అత్తా?" అన్నాడు ఢిల్లేశు మెల్లగా. "నాకా వీలున్నాది. ఎవరికీ తెలీదు."

మేడమ్ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు నేనే అన్నాను.

"చెరిపితే నువ్వు చేసింది కూడా చెరిగిపోద్ది. కింద చోటియ్యి."

ఇచ్చాడు. రాశాను. 'ఆ రోజు నేను ఎర్ర వైపు నొక్కాను. మూడుసార్లు నొక్కాను. వద్దన్నాను.' మా ఆయన పేరు రాశాను. ఆ మూడిళ్ళలో పోయినవాళ్ళ పేర్లు కూడా రాశాను. రాయడానికి అరగంట పట్టింది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"ఇప్పుడు నువ్వు రాయి," అన్నాను.

ఢిల్లేశు కూర్చున్నాడు. వేళ్ళు మీటల మీద పెట్టి ఆగిపోయాడు. అతని తల్లి కూడా ఈ జబ్బుతోనే పోయింది. పట్టీ రాకముందే పోయింది. ఆమెకీ నాలాగే గీతల్లేని వేళ్ళు. ఇదంతా తెలిసే నేను తొందర పెట్టలేదు. తెలుసు కదా అని జాలిపడి రాయొద్దని మాత్రం అనలేదు.

'ఆ వేలిని అంగీకారంగా తీసుకొమ్మని రూలు రాసింది నేను. వాళ్ళని అడగలేదు,' అని రాశాడు. కింద పేరు పెట్టాడు.

"నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదత్తా," అన్నాడు.

"అడక్కు," అన్నాను. "ఐదు డబ్బాలున్నాయి. చీకటి పడకముందు ఎల్లు."

*

శుక్రవారం పది గంటలకి నలభై ఒకటో వెర్షన్ ఏడిళ్ళకి వెళ్ళింది. మధ్యాహ్నం నుంచి ఒక్కో ఇంటికి ఒకరు చొప్పున వెళ్ళి రావడం మొదలైంది. తవిటమ్మ ఇంటికి మేడమ్ స్వయంగా వెళ్ళింది. నేను షెల్టరులో యంత్రం ముందు కూర్చున్నాను. ఇంటి దగ్గర ఉండలేకపోయాను.

తెర మీద ఏడు గళ్ళున్నాయి. ఒక్కోటీ మెల్లగా మారుతోంది. తవిటమ్మ గడిలో మేడమ్ పేరు పడింది. 'చూశాను. అడిగాను. సరే' అని కింద ఉంది. సిగ్నల్ కోసం ఇసకలో కోసు దూరం నడిచి పంపిందట.

రెండుంపావుకి నాలుగో గడి ఎర్రబడింది. వెంటనే తెర మొత్తం ఎర్రబడింది. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక్కటే మాట వచ్చింది. ఆగింది.

పేరు లేదు.

ఢిల్లేశు అప్పుడే ఒక ఇంటి నుంచి తిరిగొచ్చి నీళ్ళు తాగుతున్నాడు. తెర చూసి, నన్ను చూశాడు. చెంబు పెట్టేసి బండి తాళం తీసుకున్నాడు.  కిటికీలోంచి చూశాను. ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని ఇసక లేపుకుంటూ వెళ్ళాడు.

ఇరవై రెండు నిమిషాలకి ఫోను మోగింది.

"అత్తా," అన్నాడు. రొప్పుతున్నాడు. "కోడి."

"ఏటి?"

"కోడి. డబ్బా అరుగు మీద పెట్టారు. దాని మీదికి కోడెక్కినాది. కాలు ఎర్ర వైపు పడినాది."

గదిలో ఉన్న ఊట వాళ్ళు ఇద్దరూ నవ్వారు. ఒకతను తల కొట్టుకున్నాడు.

"మనిషెలాగున్నాడు?" అన్నాను.

"బాగున్నాడు."

"నువ్వు సూసావా?"

"సూసాను. నా ఎదురుగానే కూర్సుని గంజి తాగతన్నాడు."

"పిక్కలు పట్టుకు సూసావా? పెదాలు?"

"సూసాను అత్తా. అన్నీ సూసాను."  మళ్ళీ తనే అన్నాడు, "ముసలాయన నన్ను సూసి కంగారు పడ్డాడు. కోడి తొక్కితే ఇంత దూరం వచ్చావేటి బాబూ అంటన్నాడు."

"అయితే మళ్ళీ మొదలెట్టు. డబ్బా గూట్లో పెట్టించు."

ఫోను పెట్టేశాను. తెర ఇంకా ఎర్రగానే ఉంది. కాసేపటికి నాలుగో గడిలో ఢిల్లేశు పేరు పడింది. చూశాను. అడిగాను. సరే. ఎరుపు పోయింది.

గదిలో వాళ్ళు కోడి గురించి ఇంకా నవ్వుకుంటున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ కోడి పేరు యంత్రం అడగలేదు. కోడి వద్దంటే పదకొండు వందల నలభై పట్టీలకి వెళ్ళాల్సింది ఆగింది. కోడి వద్దంటే ఒక మనిషి ఎండలో పరిగెత్తుకెళ్ళి, ఇంకో మనిషి పెదాలు తడిగా ఉన్నాయో లేదో కళ్ళతో చూసి వచ్చాడు.

షెల్టరు నుంచి మా ఇల్లు అంత దూరం కూడా లేదు. బండి మీద పదిహేను నిమిషాలు. ఆ రోజు నేను ఎర్ర వైపు నొక్కింది ఒంటిగంటకి. బైరాగి మూడున్నర దాకా ఉన్నాడు.